అయిదచ్చుల ఆంగ్లపదములు

ఈ ప్రసంగమునకు శ్రోతలు ఒక కాగితమును, ఒక పెన్సిలును దగ్గర నుంచుకొనవలెనని నా మనవి. ఇంట ఇంగ్లీషు చదువుకొనుచున్న పిల్లలున్నచో వారిని కూడ రేడియో దగ్గరకు పిలువుడు. కొంతసేపు అక్షరములతో ఆడుకొందము. ఆటలో మొదలిడినను, ఆటతోనే ముగింపబోనని ముందుగనే చెప్పుచున్నాను.

ఇంగ్లీషు వర్ణమాలలో అక్షరములు 26. వానిలో అచ్చులు అయిదని మొదటి పాఠముననే నేర్పుదురు. అవి ఏ, ఇ, ఐ, ఓ, యు. ఈ అయిదచ్చులును ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే, సరిగా ఈ వరుసలోనే, వచ్చెడి మాట ఏదైనను కలదా? ఒక క్షణము ఆలోచింపుడు. తోచనివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో కూడ పెక్కుమందికి ఇది వెంటనే తోచదు.

అట్టి మాట కలదు. వ్రాసికొనుడు: ఎఫ్, ఏ, సి, ఇ, టి, ఐ, ఓ, యు, ఎస్. తొమ్మిది అక్షరములు. దీనిని 'ఫసీషస్' అని పలుకవలెను. రెండవ మాట: ఏ, బి, ఎస్, టి, ఇ, ఎం, ఐ, ఓ, యు, ఎస్. పది అక్షరములు. ఇది 'అబ్‌స్టీమియస్'. మూడవది రసాయన శాస్త్రములోని మాట: ఏ, ఆర్, ఎస్, ఇ, ఎన్, ఐ, ఓ, యు, ఎస్. ఇది 'ఆర్సీనియస్'. మూడింటిలోను హల్లులను చెరిపివేసి చూడుడు. ఏ, ఇ, ఐ, ఓ, యు అని బడిపిల్లలు వరుసగా నిలిచినట్లు అచ్చులు అయిదును నిలిచియుండును.

మొదటి రెండు మాటలకు చివర ఎల్, వై అను రెండక్షరములు చేర్చినచో 'ఫసీషస్లీ', 'అబ్‌స్టీమియస్లీ' అను క్రియావిశేషణములగును. 'వై' అను అక్షరమును అర్ధాచ్చుగా లెక్కించు వాడుక కలదు కనుక, అప్పుడు ఆరచ్చులును వరుసతో వచ్చినట్లే.

నేను పట్టపరీక్షకు చదువుచున్న దినములలో మా ఇంగ్లీషు ఉపన్యాసకులు ఒకరు, పాఠము ముగిసి గంట కొట్టుటకు రెండు మూడు నిమిషములు మిగిలిన సమయమున, ఈ మాటలను మాకు చెప్పిరి. మేమందరము నోటు పుస్తకములలో వ్రాసికొంటిమి. అచ్చుల వరుస తెలిసినవానికి వర్ణక్రమము తప్పదు గదా. ఆ మాటలు మాకు ఒక్కపూటలో కంఠస్థమైనవి. వాని అర్థమును మాత్రము ఎవరమును అడుగలేదు. 'ఫసీషస్' అనగా హాస్యమునకు సంబంధించినదని ఎవరో అనిరి. 'అబ్‌స్టీమియస్' అనగా నియమము గలవాడని మరియొకరు అనిరి. మాకు అంతమాత్రము చాలెను.

ఆ సంవత్సరముననే ఆ ఉపన్యాసకులు ఉద్యోగ విరమణ చేసిరి. విద్యార్థుల పక్షమున వీడ్కోలు పత్రము వ్రాయు భారము నాపై పడినది. రంగు కాగితముపై, చుట్టును పూలతీగె బొమ్మతో, ఇంగ్లీషులో అచ్చువేయించితిమి. అందులో వారి గుణగణములను వర్ణించుచు, 'మా గురువర్యులు అలవాట్లలో అబ్‌స్టీమియస్, సంభాషణలో ఫసీషస్' అని వ్రాసితిని. వారు నేర్పిన మాటలనే వారికి దండగా గ్రుచ్చి సమర్పించితినని నా సంతోషము. సభలో నేనే నిలువబడి చదివితిని. ఆ వాక్యము వచ్చునప్పటికి వేదికపై నున్న ఒక ఆచార్యులు నోటికి రుమాలు అడ్డము పెట్టుకొనిరి. మరియొకరు తలవంచుకొనిరి. నా ఉచ్చారణ బాగున్నందున మెచ్చుకొనుచున్నారని తలచితిని.

మరునాడు ఆ ఉపన్యాసకులు నన్ను ఇంటికి రమ్మని కబురుపెట్టిరి. వారి భార్య కాఫీ యిచ్చి లోపలికి వెళ్ళినది. వారు అలమారునుండి నిఘంటువు తీసి, ఒక పుటలో వ్రేలుంచి, 'ఇది పైకి చదువు, నాయనా' అనిరి. చదివితిని. హాస్యము కూడని చోట హాస్యమాడువాడు, గంభీరమైన విషయమును తేలికచేసి మాటలాడువాడు అని ఆ మాటకు అర్థము. నాకు చెమట పట్టినది. 'మాస్టారూ, క్షమించవలెను, నేను సరసులని చెప్పదలచితిని' అంటిని.

వారు కోపపడలేదు. 'నీ ఉద్దేశము నాకు తెలియదా? నీవు నన్ను పొగడదలచి ఆక్షేపించితివి. అయినను తప్పు నీదొక్కనిదే కాదు. అక్షరములు చెప్పితిని గాని అర్థము చెప్పకపోతిని. నాకు ముప్పది యేండ్ల అనుభవముండియు ఆ రెండు నిమిషములు మీకు వినోదము కలిగిన చాలుననుకొంటిని' అని, పిమ్మట, 'నీకు కావలసిన మాట విట్టీ. అయిదే అక్షరములు' అనిరి.

శ్రోతలారా, నా బ్రతుకుతెరువు మాటలతోనే ముడిపడినది. ప్రతిదినము మైకు ముందు కూర్చుండుటకు పూర్వము, సందేహము కలిగిన మాటను నిఘంటువులో చూచుకొనుట నాకు అలవాటైనది. ఆ అలవాటు ఆ కాఫీ త్రాగిన ఉదయమున పడినది. కనుక ఇప్పుడు ఆ మాటల అర్థములను, అవి పుట్టిన తెరగును చెప్పుట నా బాధ్యత.

'ఫసీషస్' అను మాటకు మూలము లాటినులో చమత్కారము, చతురోక్తి అను అర్థముగల 'ఫసీషియా' అను పదము. అది ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. తొలినాళ్ళలో దానికి మంచి అర్థమే యుండెను. క్రమముగా, వేళగాని వేళ వేసెడి పరిహాసమునకు అది పేరైనది. మాటలు మనుష్యుల వంటివి. వాని పుట్టుక మంచిదైనను చివరకు వాని సహవాసమునుబట్టియే వానికి పేరు వచ్చును.

'అబ్‌స్టీమియస్' అను మాటలో 'అబ్స్' అనగా దూరముగా అని అర్థము. తరువాతి భాగము మత్తునిచ్చు పానీయమునకు లాటినులో గల 'టెమేటుమ్' అను పేరుతో సంబంధించినది. అనగా మొదట అది మద్యమునకు దూరముగా నుండువానికి చెప్పిన మాట. నేడు భోజనపానములు రెండింటిలోను మితము పాటించువానిని అట్లందురు. ఇది మెచ్చుకోలు మాటయే. నేను వ్రాసిన వాక్యములో సగము సరిగా నుండెనని ఇప్పటికిని సంతసింతును.

ఇక 'ఆర్సీనియస్'. మనవారు శంఖపాషాణమని పిలుచు విషమును రసాయన శాస్త్రజ్ఞులు ఆర్సీనియస్ ఆక్సైడు అందురు. ఆర్సెనిక్ అను పేరు గ్రీకుభాషనుండి వచ్చినది. గ్రీకులకు అది పారసీక దేశపు మాటనుండి వచ్చినది. పారసీకములో ఆ మాటకు బంగారు వన్నెగలది అని అర్థము. మన వైద్యులు హరితాళమని వాడు పసుపుపచ్చని ఖనిజమునకే ఆ పేరు. వన్నెనుబట్టి పుట్టిన పేరు విషమునకు స్థిరపడినది.

ఈ మూడు మాటలును ఐ, ఓ, యు, ఎస్ అను నాలుగక్షరములతో ముగియుట శ్రోతలు గమనించియుందురు. ఇది కాకతాళీయము కాదు. లాటినులో 'నిండుగా గల' అను అర్థమిచ్చు ప్రత్యయమొకటి ఇంగ్లీషులో ఈ రూపమును పొందినది. మనకు ధనవంతుడు, గుణశాలి అను మాటలలోని ప్రత్యయములవలెనే అది పనిచేయును. 'గ్లోరియస్' అనగా కీర్తిగల, 'విక్టోరియస్' అనగా విజయముగల, 'లెబోరియస్' అనగా శ్రమతో కూడిన అని అర్థము. పుట్టుకలో ఆ ప్రత్యయము లేని 'అబ్‌స్టీమియస్' వంటి మాటలు కూడ తక్కినవానిని చూచి అదే వేషము వేసికొన్నవి. ఈ ఒక్క ప్రత్యయమును గుర్తించిన విద్యార్థికి నూరుపదముల చివరి భాగము ఒక్కసారిగా వశమగును. వర్ణక్రమమును నేర్పుటకు బెత్తముకన్న ఇది మేలైన సాధనము.

వరుస ముఖ్యము కాదు, అయిదచ్చులుండిన చాలునన్నచో మాటలకు కొదువలేదు. విద్య అను అర్థముగల 'ఎడ్యుకేషన్' అను మాటలో అయిదును ఒక్కొక్కసారి వచ్చును. గణితములోని సమీకరణమునకు పేరైన 'ఈక్వేషన్' ఎనిమిది అక్షరములలోనే అయిదచ్చులను ఇముడ్చుకొన్నది. సంభాషణమను అర్థముగల 'డయలాగ్' అను మాటను బ్రిటిషు పద్ధతిని వ్రాసినప్పుడు అందును అయిదును ఉన్నవి. అంగటిలో కొనెడి కాలిఫ్లవరులో కూడ ఉన్నవి. రేపు కూరగాయలు తెచ్చినప్పుడు పిల్లలచేత వ్రాయించి చూడుడు.

వరుస తలక్రిందులైన మాటలును కలవు. యు, ఓ, ఐ, ఇ, ఏ అని వెనుకనుండి ముందుకు నడచు మాట మనకు దగ్గరిదే. 'సబ్‌కాంటినెంటల్', అనగా ఉపఖండమునకు సంబంధించినది. పదునాలుగు అక్షరములు. మరియొకటి 'అన్‌కాంప్లిమెంటరీ'. పదునైదు అక్షరములు. చివర 'వై' కూడ ఉన్నది. దాని అర్థము మెచ్చుకోలు కానిది, నిందను స్ఫురింపజేయునది. నా వీడ్కోలు పత్రములోని వాక్యమునకు సరియైన విశేషణము ఇదియే.

అచ్చులు కరవైన మాటలు మరియొక తెగ. 'స్ట్రెంగ్త్స్', అనగా బలములు. వ్రాయుటకు తొమ్మిది అక్షరములు, అచ్చు ఒక్కటే. 'రిథమ్స్', అనగా లయలు. ఏడక్షరములు, పై అయిదచ్చులలో ఒక్కటియు లేదు. అచ్చు చేయవలసిన పనిని 'వై' చేయుచున్నది. ఇట్టి మాటలు మన నాలుకకు కష్టముగా నుండుటకు కారణము కలదు. తెలుగు అజంతభాష. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును. అందుచేతనే బస్ అను మాటను బస్సు అనియు, బుక్ అను మాటను బుక్కు అనియు చివర ఉకారము చేర్చి మనవి చేసికొంటిమి. తెలుగుపిల్లవాడు 'స్ట్రెంగ్త్స్' అనుటకు తడబడినచో అది తెలివితక్కువ కాదు. అతని నాలుక తల్లిభాషలో చక్కగా పెరిగినదనుటకు అది గుర్తు. ఆ తడబాటును చూచి నవ్వవలదని పెద్దలకు నా ప్రార్థన.

అక్షరములతో ఆడుకొనుట మనవారికిని క్రొత్తగాదు. సంస్కృతములో దండి రచించిన దశకుమార చరిత్రములో మంత్రగుప్తుడను కుమారుడు తన కథ యంతయు ప, ఫ, బ, భ, మ అను ఓష్ఠ్యాక్షరములలో ఒక్కటియు రాకుండ చెప్పును. పెదవికి గాయమైయున్నందున పెదవులు కలిపి పలుకుట అతనికి కష్టము. అక్షరములను విడిచిపెట్టుటకు కథలోనే ఒక కారణమును దండి కల్పించినాడు. అక్షరక్రీడ అర్థమును చేయి విడువరాదను మర్యాద ఆ మహాకవి పాటించినాడని దీనివలన తెలియును.

ఒక్క అక్షరమైనను రెండవసారి రాని పొడుగుమాట యొకటి చెప్పుదును. డి, ఇ, ఆర్, ఎం, ఏ, టి, ఓ, జి, ఎల్, వై, పి, హెచ్, ఐ, సి, ఎస్. పదునైదు అక్షరములు, పదునైదును వేరువేరు. 'డెర్మటోగ్లిఫిక్స్' అని పలుకుదురు. గ్రీకులో 'డెర్మ' అనగా చర్మము, 'గ్లిఫి' అనగా చెక్కడము. వ్రేళ్ళమీదను అరచేతులమీదను చర్మముపై చెక్కినట్లుండు గీతలను పరిశీలించు శాస్త్రమని అర్థము. 1926లో అమెరికాకు చెందిన శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు హారొల్డు కమిన్సు తన సహచరునితో కలిసి ఈ మాటను వాడుకలోనికి తెచ్చెను. ఈ గీతల చరిత్రలో మన దేశమునకు భాగము కలదు. 1858లో వంగదేశములో విలియం హెర్షెలను అధికారి ఒక గుత్తేదారుచేత ఒడంబడికపై అరచేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. అక్షరము చదువనేరనివారు నిశానీ వేయుట మన గ్రామములలో అందరును ఎరిగినదే. అక్షరము రానివాని వ్రేలిలో ఇంత శాస్త్రమున్నదని ఈ మాట చెప్పుచున్నది.

ఇంగ్లీషు నిఘంటువులలో అన్నిటికన్న పొడుగైన మాట యేదని పిల్లలు తరచుగా అడుగుదురు. పెద్ద నిఘంటువులలో చేరిన ఒక మాట 45 అక్షరములు గలది. దానిని భాగములుగా విడదీసి చెప్పుదును: న్యూమోనో, అల్ట్రా, మైక్రోస్కోపిక్, సిలికో, వోల్కేనో, కోని, ఓసిస్. మనకు సమాసములు విడదీయు అలవాటు కలదు గనుక భయపడ నక్కరలేదు. న్యూమోనో అనగా ఊపిరితిత్తులు. అల్ట్రా మైక్రోస్కోపిక్ అనగా సూక్ష్మదర్శినికిని అందనంత చిన్నదైన. సిలికో అనగా ఇసుకలోను రాతిలోను ఉండు సిలికా. వోల్కేనో అనగా అగ్నిపర్వతము. కోని అనగా ధూళి. ఓసిస్ అనగా రుగ్మత. అగ్నిపర్వతములు వెదజల్లునట్టి అతిసూక్ష్మమైన సిలికా ధూళిని పీల్చుటచే ఊపిరితిత్తులకు కలుగు వ్యాధి యని మొత్తము అర్థము.

ఈ మాటను వైద్యులు పుట్టింపలేదు. 1935లో అమెరికాలోని పదక్రీడాభిమానుల సంఘమునకు అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్ అనునతడు, అన్నిటికన్న పొడుగైన మాట కావలెనను కోరికతోనే దీనిని కూర్చెను. వైద్యులు ఆ వ్యాధిని 'సిలికోసిస్' అని చిన్నమాటతో పిలుతురు. మాట కూర్చినది వినోదమునకే యైనను వ్యాధి మాత్రము వినోదము కాదు. రాళ్ళు కొట్టువారికి, గనులలో పనిచేయువారికి, రాతిపొడి పీల్చుచు బ్రతుకువారికి అది వచ్చును. పోయిన ఊపిరి మరల రాదు. మధ్యప్రదేశములోని మందసౌరులో పలకబలపములు తయారుచేయు పనివారిలో ఈ వ్యాధి విస్తారముగా ఉండుటను వైద్యపరిశోధకులు గుర్తించిరి. పలకపై బలపముతో మనము అ, ఆలు దిద్దితిమి. ఆ బలపమును కోసిన చేతులవారి ఊపిరితిత్తులలోనికి ఆ పొడి పోయినది. 45 అక్షరములు తడబడక అప్పగించిన పిల్లవానిని మెచ్చుకొనుడు. మెచ్చుకొని, ఈ వ్యాధి ఎవరికి వచ్చునో కూడ అతనికి చెప్పుడు. అప్పుడే ఆ మాట అతనిదగును.

అమెరికాలో 1925 నుండి బాలబాలికలకు జాతీయ స్థాయిలో వర్ణక్రమపు పోటీలు నడచుచున్నవి. స్పెల్లింగ్ బీ యను పేర ప్రసిద్ధములైన ఈ పోటీలలో భారతీయ సంతతి పిల్లలు, వారిలో తెలుగు కుటుంబములవారును, పలుమార్లు విజయము పొందిరి. అక్కడ ఒక మంచి పద్ధతి కలదు. పోటీదారు మాట యొక్క అర్థమును, అది యే భాషనుండి వచ్చినదను విషయమును అడిగి తెలిసికొనవచ్చును. ఆ రెండును తెలిసినవానికి, ఎన్నడును చూడని మాటకైనను వర్ణక్రమము ఊహింప వీలగును. 2013 నుండి మాటల అర్థములపై కూడ పరీక్ష పెట్టుచున్నారు. వర్ణక్రమము వచ్చి అర్థము రానిచో చదువు సగమే యని ఆ పోటీల నిర్వాహకులును ఎంచిరన్నమాట.

మన ఇండ్లలో పిల్లలు ఇంగ్లీషు మాటలను వల్లెవేయుచుండగా పెద్దలము వినుచుందుము. అక్షరములు తప్పకున్నచో తృప్తిపడి ఊరకుందుము. మా ఉపన్యాసకులు ఆ రెండు నిమిషములలో చేసినదియు, నేను నోటు పుస్తకములో చేసినదియు ఇంతే. అందుచేత ఒక చిన్న నియమము మనవి చేయుచున్నాను. పిల్లవాడు క్రొత్త మాట నేర్చినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. దీని అక్షరము లెవ్వి? దీని అర్థమేమి? దీనిని ఎవరిని గూర్చి, ఏ సందర్భమున వాడవచ్చును? మొదటి ప్రశ్నకు కంఠస్థము చాలును. రెండవదానికి నిఘంటువు చాలును. మూడవదానికి మాత్రము మనుష్యులు కావలెను. చదివినవారు, విన్నవారు, తప్పు చేసి దిద్దుకొన్నవారు కావలెను. ఇంటిలో ఇంగ్లీషు రాని తల్లియైనను మూడవ ప్రశ్న అడుగవచ్చును. సమాధానము తెలియని పిల్లవాడు మరునాడు బడిలో అడిగి తెలిసికొని వచ్చి ఆమెకు చెప్పును. చెప్పునప్పుడు అతనికే స్థిరపడును.

ఆ వీడ్కోలు పత్రము ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. దానిని దాచివేయుడని నేను వేడుకొంటిని. మా మాస్టారు వినలేదు. ఎర్రసిరాతో ఆ ఒక్క మాటను కొట్టివేసి, పైన 'విట్టీ' అని దిద్ది, అద్దము వేయించి ముందుగదిలో తగిలించిరి. వచ్చినవారెవరైనను అది యేమని అడిగినచో, 'మా శిష్యుడు వ్రాసినది; నేను దిద్దినది; మేమిద్దరము నేర్చుకొన్నది' అని చెప్పెడివారు.